గంట తాడు, గిజిగాడి సర్దుడు

మద్దిచెట్ల అడవిలో జింకలు, కుందేళ్లు, అడవిపందులు, తాబేళ్లు కలిసి ఉండేవి. ఆ అడవికి ఒక చెరువు, ఒక కాలువ, ఒక కంప్యూటరు ఉండేవి. అడవిలో కంప్యూటరేమిటని నవ్వకండి. జంతువులు మాట్లాడతాయంటే నమ్మే మీరు ఇది మాత్రం ఎందుకు నమ్మరు?

రోజూ పొద్దున్నే ఆ కంప్యూటరు చెరువు తలుపు ఎత్తేది. నీళ్లు కాలువలో ఉరుకుతూ కింది గుంటలోకి చేరేవి. అందరూ అక్కడే దాహం తీర్చుకునేవారు. ఎండాకాలంలో తల్లి తాబేలు తన పదకొండు పిల్లలతో ఆ కాలువ బురదలోనే నిద్రపోయేది. నీళ్లు వచ్చేలోగా అవన్నీ లేచి గట్టెక్కేవి. వాటికి వేళ ఎలా తెలుస్తోందని ఎవరూ అడగలేదు.

తలుపు ఎత్తే ప్రోగ్రాం రాసింది ఒక ముసలి ఉడుము. అందరూ ఆమెను పెద్దమ్మ అనేవారు. ఆమె రాత చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. ఒక వరస ముందుకు, ఒక వరస వెనక్కు, మధ్యలో ఎక్కడ పడితే అక్కడ ఖాళీలు. అయినా పన్నెండేళ్లలో ఒక్క పూట కూడా పని తప్పలేదు. నన్నడిగితే అంతకన్నా గొప్ప రాత లేదు.

పెద్దమ్మకు వయసు మీద పడిందని ప్రోగ్రాం చూసుకునే పని గిజిగాడికి అప్పగించారు. వాడి గూడు చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. ఒక్క పోచ బయటికి పొడుచుకురాదు. అలాంటివాడికి పెద్దమ్మ రాత చూడగానే ఒళ్లు మండింది.

"ఇది ప్రోగ్రామా, ఎలుకలు కొరికిన చాపా?" అన్నాడు.

వాడి దగ్గర లింటర్ అనే సాధనం ఉంది. అది ప్రోగ్రాంలో వంకరలన్నీ వెతికి, ఒక్క మీట నొక్కితే తనంతట తానే సరిచేస్తుంది. గిజిగాడు మీట నొక్కాడు. కన్ను మూసి తెరిచేలోగా నలభై ఏడు మార్పులు జరిగిపోయాయి. వరసలన్నీ తిన్నగా నిలబడ్డాయి. 'తప్పులు సున్నా' అని తెర మీద పచ్చగా వెలిగింది.

పెద్దమ్మ వచ్చి చూసింది. "చాలా బాగుందిరా నాయనా. మారినవన్నీ చదివావా?" అని అడిగింది.

"నలభై ఏడు, పెద్దమ్మా! ఎవరు చదువుతారు? తప్పుల్లేవని అదే చెబుతోంది కదా."

"అది రాతను చూసింది. కాలువను చూడలేదు. రేపు ముందు తలుపుకు గడియ వేసి ఒకసారి నడిపిద్దాం. అంతా సరిగ్గా ఉంటే అప్పుడు గడియ తీద్దాం."

"రేపు చూడ్డానికి రమ్మని అడవంతా చెప్పాను. గడియ వేస్తే నా పరువేం కాను?" అని గిజిగాడు ఎగిరిపోయాడు.

మర్నాడు పొద్దున అందరూ చెరువు కట్ట మీద చేరారు. అప్పటికే పెద్దమ్మ గడియ వేసి, దాన్ని చుట్టుకుని పడుకుంది. కంప్యూటరు నడిచింది. తలుపు కిర్రుమంది కానీ లేవలేదు.

"ముసలిదానికి ఓర్వలేనితనం!" అని అడవిపంది గుర్రుమంది. గొంతు ఎండిపోతోందని జింకలు గోల పెట్టాయి. గిజిగాడు కోపంతో వచ్చి పెద్దమ్మ వీపు మీద పొడిచాడు. మళ్లీ పొడిచాడు. ఆమె కదల్లేదు. ఉడుంపట్టు అంటే ఏమిటో ఆ రోజు అడవి కళ్లారా చూసింది.

"నన్ను తర్వాత తిడుదురుగాని. ముందు ఎవరైనా కాలువలోకి చూడండి," అంది పెద్దమ్మ.

ఒక కుందేలు వెళ్లి చూసి కెవ్వుమంది. బురదలో తల్లి తాబేలు, చుట్టూ పదకొండు చిన్న చిప్పలు. అన్నీ గాఢనిద్రలో ఉన్నాయి. తలుపు లేచి ఉంటే ఆ ఉరవడికి పిల్లలన్నీ కింది బండలకు కొట్టుకునేవి.

అరుపులకు తల్లి తాబేలు కళ్లు తెరిచింది. "ఇవాళ గంట మోగలేదేం?" అంది.

పెద్దమ్మ మారిన వరసల జాబితా తెప్పించి ఒక్కొక్కటే చదివింది. ఇరవై తొమ్మిదో మార్పు దగ్గర ఆగింది.

"ఇదిగో. తలుపు ఎత్తే ముందు, కాలువ గట్టున కట్టిన గంట తాడు బిగువుగా ఉందో లేదో చూడమని ఒకప్పుడు రాశాను. ఆ జవాబు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అందుకే పనికిరాని వరస అని లింటర్ తీసేసింది. కానీ బిగువు చూడాలంటే కంప్యూటరు ఆ తాడు లాగాలి. లాగితే గంట మోగుతుంది. ఇన్నేళ్లూ తాబేళ్లను లేపింది ఆ గంటే."

గిజిగాడు తల దించుకున్నాడు. "నీకు ముందే తెలిస్తే చెప్పొచ్చు కదా, పెద్దమ్మా!"

"నాకూ గుర్తులేదురా. గుర్తులేదని తెలుసు కాబట్టే గడియ వేశాను."

ఆ మాటకు అడవిపంది కూడా తన తిట్టు వెనక్కి తీసుకుంది. నాకైతే ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

పెద్దమ్మ లింటర్‌ను పారెయ్యలేదు. నలభై ఆరు మార్పులు బాగున్నాయని ఉంచేసింది. ఒక్క వరసను తిరిగి పెట్టించి, పక్కనే గిజిగాడి చేత ఇలా రాయించింది: "ఈ తాడు లాగితేనే గంట మోగుతుంది. గంట మోగితేనే తాబేళ్లు లేస్తాయి. తీసెయ్యకండి." ఈ నాలుగు ముక్కలు ముందే రాయకపోవడం తన తప్పేనని అందరి ముందూ ఒప్పుకుంది.

ప్రోగ్రాం బాధ్యత మళ్లీ పెద్దమ్మకే ఇచ్చారు. గిజిగాడు ఆమె దగ్గర శిష్యుడిగా చేరాడు. నలభై ఏడు వరసలు చదవడానికి తీరికలేదన్న ఆ గిజిగాడే, ఇప్పుడు రోజూ గంట మోగగానే కాలువ గట్టున వాలి తాబేలు పిల్లల్ని లెక్కపెడతాడు. పదకొండోది గట్టెక్కాకే గడియ తీయమంటాడు.

నీతి: రాత చక్కబడినంత మాత్రాన పని చక్కబడినట్టు కాదు. ఎందుకుందో తెలియని దాన్ని తీసేసే ముందు, అది ఏం చేస్తోందో కళ్లారా చూడాలి.