రోజుకు నాలుగు డెక్కలు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మేక చుక్కమ్మ ఉట్టిలోని కుండ దించడానికి పీట ఎక్కింది. కూతురు గోరింట తొలిచూలుతో ముందు రోజు సాయంత్రమే పుట్టింటికి వచ్చింది. దానికి తౌడు జావ కాచి పెట్టాలని చుక్కమ్మ కోరిక. ఆ ఇంట్లో జావ కాచే కుండ ఒక్కటే. అది అత్తగారు గవరమ్మది. గవరమ్మ పోయి రెండేళ్లయింది. అప్పుడు మూకుడు మూసి ఉట్టిలో పెట్టిన కుండని మళ్లీ ఎవరూ దించలేదు. మూకుడు అంచు ఒకచోట విరిగి, శనగగింజ పట్టేంత సందు ఉంది.

ఆ సందులోంచి ఒక తేనెటీగ బయటికి వచ్చి చుక్కమ్మ ముక్కు ముందు ఆగింది. దాని వెనక మరో నాలుగు వచ్చాయి.

"పీట దిగమ్మా. లోపల పిల్లలున్నారు," అంది మొదటిది.

చుక్కమ్మ దిగింది. ఒక్క పోటు కూడా పడలేదు. ఆమె మొగుడు గడ్డాలయ్యకి ఆ అదృష్టం లేదు. విషయం వినగానే కొమ్ములు ముందుకు పెట్టి గదిలోకి వెళ్లాడు. వెళ్లినంత వేగంగానే బయటికి వచ్చి, గడ్డం కుడితి తొట్టిలో ముంచి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే. ఉన్నాయి," అన్నాడు కాసేపటికి.

ఆ ఇంటికి ఉన్నది ఒకటే గది. పక్కన కొట్టం ఉండేది గానీ, దాని కప్పు కిందటేడు గాలివానకి ఎగిరిపోయింది. గడ్డాలయ్య, అతని తోబుట్టువులు ఏడుగురు, తరవాత గోరింట, అందరూ ఆ గదిలో ఉట్టి కిందే పుట్టారు. కాన్పు దగ్గరపడితే గవరమ్మ అక్కడ ఎండుగడ్డి పరిచి, పొయ్యి మీద తౌడు పెట్టేది. జావ ఉడికే వాసన గుమ్మం దాటి వచ్చిందంటే ఇంట్లో కొత్త పిల్ల పుట్టిందని వీధిలోవాళ్లు అడక్కుండానే తెలుసుకునేవారు. గోరింట ఈనడానికి ఇంకా నెల ఉంది. వానలు మొదలవడానికీ దాదాపు అంతే ఉంది.

సాయంత్రం వాకిట్లో ఇరుగుపొరుగు కూడారు. ఎదురింటి ముసలి ఎద్దు పేరయ్యని పిలిచారు, వచ్చాడు. కంచె అవతలి నక్క తాతారావుని పిలవలేదు, అయినా వచ్చాడు.

తాతారావు దగ్గర ఉపాయం తయారుగా ఉంది. తడిగడ్డి పొగ వేసి, దాని వెనకే ఒక కాగడా పట్టుకుంటే అరగంటలో పని అయిపోతుందన్నాడు. తనకి కూలి అక్కర్లేదట. ఈగలు చచ్చాక ఆ కుండ మీకెలాగూ పనికిరాదు కాబట్టి దాన్ని తానే ఎక్కడైనా పారేసి వస్తాడట.

కిటికీ అంచు మీద కూర్చున్న కాపలా తేనెటీగ ఇదంతా విన్నది. తమకి కోపం లేదని, కుండ ఖాళీగా ఉందనుకునే వచ్చామని చెప్పింది. పెద్దవాళ్లయితే ఈ పూటే ఎగిరిపోగలరు. పురుగు దశలో ఉన్న పిల్లలకి మాత్రం రెక్కలు రావడానికి ఇరవై రోజులు పడుతుంది.

"చూశావా వదినా, గడువు అడుగుతున్నాయి. నువ్వు ఇలాగే జాలిపడుతూ కూర్చో. నీ కూతురు వానలో ఈనుతుంది," అన్నాడు తాతారావు.

చుక్కమ్మ కూతురి వైపు చూసింది, కిటికీ వైపు చూసింది.

"పైన ఉన్న పిల్లల్ని కాల్చేసి, ఆ కిందే నా పిల్లని ఈనమంటావా?"

తాతారావు పేరయ్య వైపు తిరిగాడు. పేరయ్యకి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా, నోట్లో ఉన్న నెమరు పూర్తయ్యేదాకా మాట్లాడడు. ఆ రోజు కూడా దవడ అటూ ఇటూ కదుపుతూ నేల చూస్తున్నాడు. తాతారావు కాసేపు ఆగాడు. తోక విదిలించాడు. ఇంకాస్త ఆగాడు.

"మామ నెమరు అయ్యేసరికి వానాకాలం వెళ్లిపోతుంది. నేను పోతున్నా. అవసరమైతే కబురుచెయ్యండి," అని కంచె దాటి వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన కొద్దిసేపటికి పేరయ్య మింగాడు.

"ఇవి కుండని గుర్తుపెట్టుకోవమ్మాయ్. చోటుని గుర్తుపెట్టుకుంటాయి," అన్నాడు.

తరవాత తీరిగ్గా వివరించాడు. కుండని ఒకేసారి దూరం తీసుకుపోతే, చేలకి వెళ్లిన ఈగలు పాత చోటికే తిరిగివస్తాయి. అక్కడ ఏమీ లేకపోతే ఆ ఖాళీలోనే తిరిగి తిరిగి రాలిపోతాయి. కొంచెం జరిపితే మాత్రం కాస్త తడుముకుని కనుక్కుంటాయి. కాబట్టి పొద్దుగూకి అన్నీ లోపలికి చేరాక, ఉట్టిని రోజుకు నాలుగు డెక్కల దూరం జరపాలి.

"మేక డెక్కలు. నావి కాదు," అని హెచ్చరించాడు.

దూలం వెంట కిటికీ దాకా పద్నాలుగు రోజులు పడుతుంది. అక్కణ్ణించి బీరపాదు పందిరి వెంట పెరటి మునగచెట్టు దాకా పన్నెండు రోజులు. అన్నీ కలిపి ఇరవై ఆరు. గోరింట కాన్పుకి ముందే గది ఖాళీ అవుతుంది. ఈగల పిల్లలకి అప్పటికి రెక్కలూ వస్తాయి.

ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నావు మామా అని చుక్కమ్మ అడిగింది. పేరయ్య అప్పటికే రెండో విడత నెమరు మొదలుపెట్టాడు.

తేనెటీగలు ఒప్పుకున్నాయి. మూకుడు ఎవరూ తియ్యకూడదన్నాయి, బదులుగా ఇంట్లో ఎవర్నీ కుట్టబోమన్నాయి. గడ్డాలయ్య ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మర్నాటినుంచి రోజూ పొద్దుగూకే వేళకి చుక్కమ్మ పీటెక్కి, పంగల కర్రతో ఉట్టి తాడుని దూలం మీద ముందుకి నెట్టేది. దూలం పైభాగం మసి పట్టి నల్లగా ఉంటుంది, కింద నుంచి ఏమీ కనపడదు. తాడు నాలుగు డెక్కలు జరిగి, ఒక చిన్న కుదుపుతో తనంత తనే ఒకచోట కూర్చునేది. పాత దూలం, ఎగుడుదిగుడుగా ఉంటుందిలే అనుకుంది చుక్కమ్మ.

మొదటి రెండు రోజులూ ఈగలు పాత చోట గుంపుగా తిరిగి విసుక్కున్నాయి. మూడో రోజుకి అలవాటుపడ్డాయి. గోరింట గోడవార పడుకుని ఉట్టి జరగడం చూస్తూ నాయనమ్మ సంగతులు అడిగేది. చుక్కమ్మ చెప్పేది. గవరమ్మ జావలో ఉప్పు వేసి, రుచి చూసి, వేశానా లేదా అని మళ్లీ అడిగేది. చలికాలంలో పిల్లలందర్నీ పొయ్యి పక్కకి చేర్చి, తను గుమ్మం దగ్గర చలిగాలికి అడ్డంగా పడుకునేది. ఎవరు అలిగినా ఆ కుండ అడుగు గీకిన మాడు ముక్క పెట్టి నోరు మూయించేది. పదిహేనో రోజు కుండ కిటికీ దాటి పందిరి మీదికి వెళ్లింది. చుక్కమ్మ కాపరానికి వచ్చాక ఆ కుండ గది దాటడం అదే మొదలు. ఆమె ఆ సాయంత్రం పీట మీదే కాసేపు నిలబడిపోయింది.

ఇదంతా కంచె అవతలినుంచి తాతారావు చూస్తూనే ఉన్నాడు. మేకలు భయంకొద్దీ కొంచెం కొంచెం నెడుతున్నాయని అతని లెక్క. కుండ ఎలాగూ కంచె వైపే వస్తోంది. ఆగితే సరి.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండు దాటింది. తల్లీకూతుళ్లు బీడులో మేస్తున్నారు. గడ్డాలయ్య అరుగు మీద నిద్రపోతున్నాడు. ఈగల్లో చాలామటుకు నువ్వుల చేలో ఉన్నాయి. తాతారావు కంచె దూరి, మూకుడు సందు దగ్గర కారిన తేనె రెండుసార్లు నాకి, సందులో తడిమట్టి కూరాడు. లోపల రాణీ, పిల్లలూ, వాటిని సాకే నాలుగు దాది ఈగలూ చిక్కుకుపోయాయి. కుండని ఉట్టిలోంచి ఎత్తి, కాలవ దగ్గర తాటిబోదెల వెనక దాచి వచ్చాడు. తీరిగ్గా తినొచ్చు, ముందు తన మీదికి అనుమానం రాకుండా చూసుకోవాలి. వాకిట్లో నిలబడి కేకలు పెట్టాడు.

అందరూ పరిగెత్తుకొచ్చారు. ఎలుగుబంటి వచ్చి కుండ ఎత్తుకుపోయిందని, కళ్లారా చూశానని, అడ్డుకోబోతే తనని చంపినంత పని చేసిందని తాతారావు చెప్పాడు. ఎక్కణ్ణించి తీసిందని పేరయ్య అడిగాడు. తాతారావు ముందుకాళ్లు పందిరి గుంజకి ఆనించి, ఖాళీ ఉట్టిలో మూతి పెట్టి చూపించాడు.

"ఇదిగో మామా. సరిగ్గా ఇక్కణ్ణించే."

నువ్వుల చేలోంచి మొదటి తేనెటీగ తిరిగివచ్చింది. రోజూ దిగే చోటే దిగింది. అక్కడ తేనె వాసన ఉంది, కాబట్టి అనుమానపడలేదు. రెండోది దాని పక్కన వాలింది. తరవాత పదేసి చొప్పున వచ్చాయి. పావుగంటలో తాతారావుకి ముక్కు నుంచి చెవుల దాకా నల్లటి గడ్డం మొలిచింది. గడ్డాలయ్య దాన్ని చాలా శ్రద్ధగా చూశాడు.

"కదలకు తాతారావు. అవి కుట్టడానికి రాలేదు. ఇంటికొచ్చాయి, అంతే," అన్నాడు పేరయ్య.

"మ్," అన్నాడు తాతారావు, పెదవులు విప్పకుండా.

"మా ఎలుగుబంటి అల్లుడు కుండ ఎటు తీసుకెళ్లాడో నోటితో చెప్పక్కర్లేదు. తోకతో చూపించు."

తోక కాసేపు వేలాడింది. ఒక తేనెటీగ అతని కంటిరెప్ప మీద అడుగుపెట్టింది. తోక లేచి కాలవ వైపు తిరిగింది.

చుక్కమ్మా గడ్డాలయ్యా కుండ తెచ్చి, మట్టి తీసి, ఉట్టిలో నక్క మూతి పక్కన పెట్టారు. లోపల దాదులు సొమ్మసిల్లి ఉన్నాయి గానీ బతికే ఉన్నాయి. రాణి కూడా క్షేమమే. బయట ఉన్నవి వరస కట్టి నడుచుకుంటూ లోపలికి వెళ్లడం మొదలుపెట్టాయి, తొందర ఏమీ లేదు. చివరి ఈగ కుండలోకి వెళ్లేసరికి పొద్దుగూకింది. అప్పటిదాకా, అంటే దాదాపు ఐదున్నర గంటలు, తాతారావు వెనకకాళ్ల మీదే నిలబడ్డాడు. ఒక్క పోటు కూడా పడలేదు. గుంజ వదిలి, కంచె ఎక్కడుందో తడుముకుంటూ వెళ్లిపోయాడు.

చుక్కమ్మ పీట తెచ్చుకుని, ఆ రోజు జరపాల్సిన నాలుగు డెక్కలు జరిపింది.

ఇరవై ఆరో రోజు కుండ మునగచెట్టు పంగలో కుదురుకుంది. ఇరవై తొమ్మిదో రోజు తొలి వాన పడుతుండగా గోరింట ఆ గదిలో, ఆ చోటే, రెండు పిల్లల్ని ఈనింది. తౌడు జావ అరువు కుండలో కాచారు. వాసన మాత్రం వీధి చివరిదాకా వెళ్లింది.

ఇంట్లోంచి పంపక తప్పనివాళ్లని కూడా, దారి గుర్తుపట్టగలిగేంత నెమ్మదిగానే పంపాలి.

పురుడు పదకొండో రోజున కొత్త ఉట్టి కట్టడానికి చుక్కమ్మ తొలిసారి దూలం పైభాగం మసి తుడిచింది. మసి కింద, పాత ఉట్టి చోటు నుంచి కిటికీ దాకా, తాడు జారకుండా కొమ్ముతో గీసిన పాత గంట్లు కనిపించాయి. లెక్కపెడితే పద్నాలుగు. గంటుకీ గంటుకీ మధ్య దూరం నాలుగు డెక్కలు. పేరయ్యని అడిగితే, నెమరు పూర్తయ్యాక చెప్పాడు: గడ్డాలయ్య పుట్టడానికి ముందు నెల, తను కోడెదూడగా ఉన్నప్పుడు, గవరమ్మ వాటిని గీస్తుంటే కిటికీలోంచి చూశానని.