రెండు వాషర్ల సందు

సింహాచలం గురువుగారిని ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పరు. చేతికి ఏదో ఒక పని ఇస్తారు. జవాబు ఆ పనిలోనే దొరకాలి. దొరక్కపోతే ఇంకో పని ఇస్తారు. మా ఊళ్లో ఆయన లేతు షెడ్డులో పని నేర్చుకున్నోళ్లందరికీ ఈ సంగతి తెలుసు, ఒక్క తవిటయ్యకి తప్ప.

తవిటయ్య మొక్కజొన్న కండెలు ఒలిచే చేతి మిషన్ ఒకటి చేశాడు. మంచి మిషనే. అది చేసిన కాడ్నుంచి ఒకటే గోల. "గురువుగారూ, కొలతలు అందరికీ ఇచ్చీమంటారా, దాచుకోమంటారా? ఇస్తే ఏ షరతు మీద ఇమ్మంటారు?" టీ తాగుతుంటే అడిగేవోడు. వెల్డింగ్ మధ్యలో అద్దం పైకెత్తి మరీ అడిగేవోడు. ఒకడు రిజిస్టర్ చేయించమన్నాడంట, ఇంకొకడు ఫోన్లో పెట్టీమన్నాడంట.

"ఒరే, నీ మిషన్ కన్నా నీ నోరే ఎక్కువ తిరుగుతోందిరా," అని విసుక్కుని గురువుగారు వాడి చేతికి ఇనుము అరగదీసే ఆకురాయి ఇచ్చారు.

చివరికి తవిటయ్య తనే తేల్చుకున్నాడు. బొమ్మ గీసి, కొలతలు రాసి, రైతుల ఫోన్ గ్రూపుల్లో పెట్టాడు. ఎవరన్నా చేసుకోవచ్చు, డబ్బులు వద్దు, మిషన్ మీద నా పేరు మాత్రం ఉండాలి, ఇదొక్కటే షరతు అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు.

విత్తనాలేసే రోజుల్లో పైడమ్మ అనే పెద్దామె కొండ కింద ఊరి నుంచి ఆటోలో ఒక మిషన్, కండెల మూట వేసుకొచ్చింది. ఆ బొమ్మ చూసి వాళ్లూరి వెల్డర్ చేసిందే.

"తవిటయ్యంటే ఎవుడు బాబూ?" అంటూ కొంగుముడి విప్పింది. అన్నీ పగిలిన గింజలే. "విత్తనానికి దాచిన కండెలు నాయనా. సగం నూకైపోయాయి. ఇవింక మొలుస్తాయా? మిగిలిన సగమన్నా దక్కించు."

తవిటయ్య డబ్బాలోంచి రెండు వాషర్లు తీసి, పళ్లున్న రేకు కింద పెట్టి, కండె దూరే సందు పెంచి, బోల్టులు బిగించాడు. పైడమ్మ కండె పెట్టి తిప్పింది. ఒక్క గింజ కూడా చిట్లలేదు. ఆవిడ మొహం విచ్చుకుంది.

కొలత టేపు అందివ్వబోయిన గురువుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"కొలవకుండానే రెండని ఎలా తెలిసిందిరా?"

తవిటయ్య స్పానర్ కింద పెట్టాడు. "సరైన మిషన్ కావాల్సినోళ్లు నా దగ్గరికే రావాలని... ఆ సందు ఒక్కటీ తగ్గించి రాశాను గురువుగారూ."

"అయితే నా విత్తనం పగలగొట్టింది నువ్వేనన్నమాట," అంది పైడమ్మ. నూకంతా వాడి దోసిట్లో పోసింది. "మీ కోళ్లకెయ్యి. నీ పేరు చెప్పుకుని తింటాయి."

అంత జరిగాక కూడా వాడు ఏమడిగాడో తెలుసా అండి? "గురువుగారూ, మరిప్పుడు షరతు మార్చమంటారా?"

గురువుగారు తల కొట్టుకున్నారు. తర్వాత గుడ్డపీలిక తీసుకుని మిషన్ మీది దుమ్ము తుడిచారు. వెల్డింగ్ చుక్కలతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి.

"షరతుకేం తక్కువైందిరా? ఆవిడ బాగానే పాటించింది. చూడు, నీ పేరు ఎంత పెద్దగా వేయించిందో."