గుర్నాథం పుచ్చతోట

అనగనగా ఒక అడవి, ఆ అడవిని ఆనుకుని ఒక పెద్ద ఏరు. పెద్దదంటే వానాకాలంలోనర్రా. ఎండాకాలంలో ఓ పక్కన సన్నటి పాయ, మిగతాదంతా ఇసుక. ఆ ఇసుకలో మనుషులు పుచ్చపాదులు పెట్టుకునేవాళ్లు.

మృగశిర కార్తె వచ్చేసరికి ఆ మనుషులు పాకలు విప్పుకుని, కాయలు బండికెత్తుకుని ఒడ్డెక్కేశారు. కోయగా మిగిలిన కాయలు ఓ ఇరవై అక్కడే ఉండిపోయాయి. అవి గుర్నాథం కంటపడ్డాయి. గుర్నాథమంటే ఒడ్డున పొదల్లో ఉండే పందికొక్కు. ముందు పొట్ట వస్తుంది, వెనకాల అతను వస్తాడు.

"సూరమ్మా, మనుషులకి బుద్ధి లేదే. ఇంత తోట మనకి వదిలేసి పోయారు" అన్నాడు పెళ్ళాంతో. ఆ పూటే నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని, ఏటి నడుమ ఇసుకలో బొరియ తవ్వి కాపురం పెట్టేశాడు.

సూరమ్మకి మనసొప్పలేదు. "ఏవండీ, వాళ్లు ఊరికే పోతారా? వరదొస్తుందేమో" అంది.

గుర్నాథం తలెత్తి ఆకాశం చూశాడు. "మబ్బు తునకైనా లేదు. వాన లేకుండా వరదేమిటే, నీ మొహం" అని ఇంకో కాయ కొరికాడు.

రెండ్రోజులకి తీతువు పిట్ట చిట్టెమ్మ వచ్చింది. ఆవిడా ఆ ఇసుకలోనే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుకుంది.

"అన్నయ్యా, మేం పోతున్నాం. పడమటి కొండల నుంచి వచ్చిన కొంగలు చెప్పాయి. అక్కడ వారం రోజులుగా ఒకటే వానట. ఆ నీళ్ళన్నీ మన ఏట్లోకే రావాలి" అంది.

"ఆ కొండలెక్కడ, మనమెక్కడ? అక్కడ వాన పడితే ఇక్కడ నేను గొడుగెయ్యాలా?" అని గుర్నాథం పకపకా నవ్వాడు. చిట్టెమ్మకి ఒళ్ళు మండింది. చెప్పాల్సింది చెప్పాను కదా అనుకుని ఎగిరిపోయింది.

మర్నాడు పొద్దున్నే తాబేలవ్వ పాయలోంచి పైకొచ్చింది. ముసలావిడ, తొందరన్నది ఎరగదు. ఆ రోజు మాత్రం పరుగున వచ్చింది. తాబేలు పరుగు ఎంతో మీకు తెలుసుగా.

"ఒరే నాయనా, నీళ్ళు ఎర్రబడ్డాయిరా. కొత్తనీరు దిగుతోంది. పిల్లల్ని తీసుకుని ఒడ్డెక్కు" అంది రొప్పుతూ.

"అవ్వా, ముందు నా మాటకి జవాబు చెప్పు. ఇక్కడ చినుకు పడిందా?" అన్నాడు గుర్నాథం.

"లేదు."

"ఉరిమిందా?"

"లేదురా."

"పోనీ, మెరిసిందా?"

"అదీ లేదు."

"మరి వరద ఏ దారిన వస్తుందో నువ్వే చెప్పు" అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వాదనంటే అతనికి పుచ్చకాయంత ఇష్టం.

అవ్వ నోరు తెరిచేలోపే నీళ్ళొచ్చేశాయి. ముందు గుర్నాథం తోక తడిసింది. ఇదేమిటని చూసుకునేసరికి పొట్ట తడిసింది.

అప్పుడు పిల్లలు గుర్తొచ్చారు. బొరియ దగ్గరికి పరుగెత్తాడు. బొరియ నిండా ఎర్రనీళ్ళు. మునిగి వెతికాడు, ఎవరూ తగల్లేదు. మళ్ళీ మునిగాడు. మూడోసారి పైకి లేచేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నా తిండియావతో పిల్లల్ని పొట్టన పెట్టుకున్నానవ్వా" అని గుండెలు బాదుకున్నాడు. పుచ్చకాయలన్నీ చుట్టూ తేలుతూ పోతున్నాయి. ఒక్కదాని వైపు చూస్తే ఒట్టు.

అవ్వ అతన్ని వీపు మీదికి లాక్కుని ఒడ్డుకి ఈదింది. ఒడ్డు మీద సూరమ్మ నిలబడి ఉంది. పక్కన పిల్లలు నలుగురూ ఉన్నారు, చుక్క నీరు అంటకుండా.

"ఎప్పుడు తెచ్చావే?" అన్నాడు గుర్నాథం.

"మీరు ఉరిమిందా, మెరిసిందా అని అడుగుతున్నప్పుడు" అంది సూరమ్మ. "మీ వాదన తేలేదాకా నేనూ కూర్చుంటే..." అని పిల్లల వైపు చూసింది.

గుర్నాథం పిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గరికి తీసుకుని తడిమి చూసుకున్నాడు. నెత్తిన ఎండ చుర్రుమంటోంది. ఎదురుగా ఏరు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది.

నీతి: మన మీద చినుకు పడలేదని ఏటిని కొట్టిపారేయకూడదర్రా. తెలిసినవాళ్లు లెమ్మంటే ముందు లేవాలి, వాదన ఒడ్డెక్కాక పెట్టుకోవచ్చు.