గురువుగారి డబ్బీలో పన్ను

సన్నాయి సింహాద్రిగారు రోజూ పళ్లు తోముకున్నాక ఓ రేకు డబ్బీ మూత తీసి, లోపలికి చూసి, దణ్ణం పెట్టుకునేవారు. ఆయనకి డెబ్బై నాలుగేళ్లు. అందులో ఏవో పాత సన్నాయి పీకలు దాచుకున్నారేమో అనుకునేవాళ్లం శిష్యులం. అడిగితే "మా గురువురా" అని మూత పెట్టేసేవారు.

మాఘమాసం ముహూర్తాలకి ఇంక నాలుగు రోజులుందనగా శిష్యుడు సన్యాసి వచ్చాడు. నలభై ఆరేళ్ల మనిషి. సంచిలోంచి సన్నాయి తియ్యలేదు. అరుగు మీద కూలబడి, వేలితో ముందు పన్ను కదిపి చూపించాడు.

"ఊగుతంది గురువుగారూ. గట్టిగా ఊదితే వెనక్కి పోతంది. ఇది పోతే నా వాయిద్యం పోయినట్టే. మా నాన్నకీ సరిగ్గా నా వయసుకే ఊడిపోయాయంట. మీకు చూస్తే ఒక్కటీ కదల్లేదు. ఇది మా వంశం రాతేనంటారా?"

"చిగుళ్లంట నెత్తురు ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లవుతంది. నెత్తురొస్తందని అటేపు తోమడం మానేశాను."

"చుట్ట?"

"పాటకీ పాటకీ మధ్య ఒకటి. అంతే."

"సుగరు మాత్ర?"

"పెళ్లిళ్లున్న రోజుల్లో వేసుకోను. లడ్డూలు తినీసి మాత్రెందుకండీ, దండగ!"

"పోనీ పళ్లకి పట్టిన ఆ గారైనా తీయించుకోలేకపోయావేట్రా?"

"అమ్మో! గార తీస్తే పళ్లు వదులైపోవా? గారే కదేటి పట్టుకునుంటది!"

గురువుగారు తిట్టలేదు. లోపలికెళ్లి డబ్బీ తెచ్చి సన్యాసి అరచేతిలో వంపారు. ఒకే ఒక్క పన్ను.

"మీ నాన్నదిరా" అన్నారు.

సన్యాసి పన్నుకేసి వంగి చూశాడు. గురువుగారు చెప్పసాగారు.

"నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. మీ నాన్న దగ్గరే నేను నేర్చుకున్నాను. పందిట్లో ఎవరి పట్టుపంచె మీదా బూడిద రాలకూడదని, నిప్పున్న వేపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చీవాడు. అంత మర్యాదస్తుడు. ఓ పెళ్లిలో పంతులుగారు గట్టిమేళం అన్నారు, మీ నాన్న ఊదాడు, పన్నూడి ఒళ్లో పడింది. గాలి తప్పింది. పక్కన రెండో సన్నాయి నాది. నేనందుకున్నాను. మూడుముళ్లూ పడిపోయాయి, ఎవరికీ తెలీలేదు. పందిరి దాటాక తన సన్నాయీ ఈ పన్నూ నా చేతిలో పెట్టాడు. 'వాయించడం నేర్పేను గానీ నోరు కాపాడుకోడం నేర్పలేదురా సింహాద్రీ. ఇదుగో, ఆ పాఠం' అన్నాడు. ఇంత వయసొచ్చినా ఊదుతున్నానంటే ఆ మహానుభావుడి పుణ్యం."

సన్యాసి పన్నుని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ తిప్పాడు.

"పుచ్చు లేదు, బీట లేదు. రాయిలాగుంది గురువుగారూ. మరెందుకూడింది?"

"వేరు చూడు."

వేరు సగం దాకా నల్లగా పెచ్చు కట్టి ఉంది. సన్యాసి గోటితో గీకాడు. రాలేదు. ఇంకోసారి గట్టిగా గీకాడు. ఊహూఁ.

"చూశావా, నలభై ఆరేళ్లయినా గార ఇంకా పట్టుకునే ఉంది" అన్నారు గురువుగారు.

సన్యాసి గీకడం ఆపాడు. తర్వాత జేబులోంచి చుట్టల కట్ట తీసి అరుగు మీద పెట్టేశాడు. బొబ్బిలి పళ్ల డాక్టరు దగ్గరకి ఎన్నింటికి బస్సుందో కనుక్కున్నాడు.

"ఇప్పుడెళ్తే నిలుస్తదా గురువుగారూ?"

"అది డాక్టరు చెప్పాలి. మీ నాన్న అసలు వెళ్లనేలేదు."

లేచి, రెండు చేతులతో పన్ను తిరిగి ఇవ్వబోయాడు. గురువుగారు ఖాళీ డబ్బీ మూత నొక్కేశారు.

"వంశం అన్నావు కదా. నీదే, ఉంచుకో."

"మరి రేపట్నుంచి మీరు దేనికి దణ్ణం పెట్టుకుంటారండీ?"

"నీ నోట్లోది నిలబెట్టుకుని రా. దానికి పెట్టుకుంటాను."