రెండు వందలు, మీద రెండు నలుపులు

ఒకానొక రాజ్యంలో "తెలియదు" అనే మాటే వినపడేది కాదు. మొదట్లో అందరూ అనేవారు గానీ, రాజుగారు పనిగట్టుకుని మాన్పించారు.

ఆ రాజు పేరు ఉద్దండవర్మ, ఏలేది చందనగిరి. "నా కొలువులో తెలియని సంగతంటూ ఉంటే నాకు తలవంపులు కాదూ? ఎవరైనా సరే 'తెలియదు' అన్నారో, కూర్చున్న పీటా, చేసే కొలువూ వదిలి పోవాలి. పెద్దా చిన్నా తేడా లేదు" అని చాటింపు వేయించాడు.

ఇంకేముంది! అడిగిందే తడవుగా అందరూ జవాబులు చెప్పడం నేర్చుకున్నారు. ఊరికి కొత్తగా వచ్చినవాడు దారి అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూపించేవారు. వంటశాలకు "పప్పులో ఉప్పు పడిందా?" అని రాజుగారు కబురంపితే, రుచి చూసిన పాపాన పోకుండా "పడింది ప్రభూ" అనేవారు. పాపం, మహారాజు వారంలో నాలుగు రోజులు చప్పటి పప్పే తినేవాడు. తిననీండి, చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత!

ఆ ఊళ్ళో సింగమ్మ అని అద్దకం పనిచేసే మనిషి ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయి. పొద్దున బట్టలకు రంగులద్ది, మధ్యాహ్నం ఆస్థాన గణితపండితుడు వామనావధాని గారి పాఠశాల అరుగు మీద ఓ మూల కూర్చుని బీజగణితం నేర్చుకునేది. తెలియని రాశికి నలుపనీ నీలమనీ పసుపనీ రంగుల పేర్లు పెట్టి లెక్క కట్టడం ఆ శాస్త్రంలో పాత ఆచారం. ఆ మాట మొదటిసారి విన్న రోజు సింగమ్మ ఆనందం ఇంతా అంతా కాదు. "ఓసి నా తల్లీ, ఇది నా వృత్తే కదా!" అని ఇంటిదాకా నవ్వుకుంటూ వెళ్ళిందట.

అవధానిగారు శ్లోకం వల్లించమనేవాడు. అర్థం అడిగితే గుడ్లురిమేవాడు. సింగమ్మ మాత్రం ఏ రోజు ఏది అర్థం కాలేదో, మళ్ళీ ఎలా అర్థమయిందో తాటాకుల మీద తేట తెలుగులో రాసుకుంటూ పోయింది. రెండేళ్ళకు అదో పుస్తకమైంది. అందులో ప్రతి లెక్కా ఒకే వాక్యంతో మొదలవుతుంది: "ఎంతో నాకు తెలియదు. ప్రస్తుతానికి నలుపు అందాం."

ఆ ఆకుల కట్ట ఒకనాడు అవధానిగారి కంట పడింది. ఆయన దాన్ని చంకన పెట్టుకుని తిన్నగా కొలువుకు పరుగెత్తాడు.

"ప్రభూ, ఘోరం! ఈ అద్దకాల మనిషి ఏకంగా నిషేధించిన మాటతోనే పుస్తకం రాసింది! ఒకసారి కాదు, నూట పన్నెండుసార్లు!"

సింగమ్మను పిలిపించారు. రాజు మీసం దువ్వుతూ అన్నాడు: "సింగమ్మా, నేనొక లెక్క ఇస్తాను. ఆ మాట అనకుండా విప్పావా, నీ పుస్తకం రాజ్యంలో ప్రతి పాఠశాలకూ పంపిస్తాను. విప్పలేదా, ఇది నీ రంగుబాన కింద పొయ్యిలోకి పోతుంది. నువ్విక పాఠశాల గడప తొక్కకూడదు."

సింగమ్మ తన ఆకుల కట్ట వంక చూసింది. ఆ ఆకుల్లో ఆమె రెండేళ్ళ మధ్యాహ్నాలున్నాయి. అయినా చేతులు జోడించి "చిత్తం ప్రభూ" అంది.

"నా ఉద్యానంలో ఏనుగులూ నెమళ్ళూ కలిపి వంద తలలున్నాయి. కాళ్ళెన్ని? ముందు మన పెద్దలు చెప్పి సిగ్గు తెప్పించాలి దీనికి" అన్నాడు రాజు.

ఏనుగులెన్నో, నెమళ్ళెన్నో చెప్పనేలేదు మహానుభావుడు! కానీ ఆ సంగతి అడిగే ధైర్యం ఎవరికి? మంత్రి గొంతు సవరించుకుని "రెండు వందల అరవై" అన్నాడు. సేనాపతి తగ్గుతాడా? "మూడు వందల నలభై" అన్నాడు. అవధానిగారు కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, "మూడు వందల పదిహేను" అని గంభీరంగా సెలవిచ్చాడు.

"ఆహా!" అంది సభ.

సింగమ్మ కొంగున మూట కట్టుకొచ్చిన రంగుపొడులు విప్పి నేల మీద గీసింది. "ఏనుగుల లెక్కను నలుపు అందాం ప్రభూ. ముందు వంద తలలకూ రెండేసి కాళ్ళు ఇద్దాం. రెండు వందలు అయ్యాయి. నెమళ్ళకు సరిపోయింది. ఏనుగు ఒక్కొక్కదానికీ ఇంకో రెండు ఇవ్వాలి. కాబట్టి జవాబు రెండు వందలు, మీద రెండు నలుపులు."

"అంటే మేం చెప్పింది?" అన్నాడు అవధాని.

"మంత్రిగారి మాటే నిజమైతే ఏనుగులు ముప్పై. సేనాపతిగారి మాటైతే డెబ్బై. తమరి మాట ప్రకారం యాభై ఏడున్నర, అయ్యవారూ. ఆ అర ఏనుగు ముందు భాగమో వెనుక భాగమో తమరే చెప్పాలి."

ద్వారం దగ్గర భటులు నవ్వాపుకోలేక ఈటెలు పట్టుకుని వంగిపోయారు. రాజు మాత్రం నవ్వలేదు.

"నలుపులూ నీలాలూ నాకొద్దు. సంఖ్య చెప్పు!"

"రెప్పపాటులో చెప్తాను ప్రభూ. ఏనుగులు తమవే కదా, ఎన్నున్నాయో సెలవివ్వండి."

రాజు నోరు తెరిచాడు. ఏనుగుల మీద ఊరేగడమే గానీ, ఏనాడూ వాటిని లెక్కపెట్టిన పాపాన పోలేదు. "త..." అని, తన చాటింపు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "నలభై" అన్నాడు, మావటి పెద్ద వైపు చూసి.

"చిత్తం, నలభయ్యే ప్రభూ" అన్నాడు మావటి.

రాజుకు ఏదో అనుమానం తగిలింది. "కాదు కాదు, యాభై."

"చిత్తం, యాభయ్యే ప్రభూ."

"అసలు ఎన్నిరా!"

మావటి గజగజ వణుకుతూ నేల మీద పడ్డాడు. నీళ్ళ దగ్గర అన్ని తలలూ కలిపి లెక్కపెట్టాడే గానీ, విడివిడిగా చూడలేదు మరి. ఆ మాట చెబుదామంటే కొలువు పోతుంది.

రాజు ఆ వణికే మనిషిని చూశాడు. తన చప్పటి పప్పు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా తను విన్నవన్నీ ఇలాంటి జవాబులే అని మనసుకు తగిలి, ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. సింహాసనం దిగి, నేల మీద రంగుల పక్కన నిలబడి, అందరికీ వినపడేలా అన్నాడు:

"ఎన్నో నాకు తెలియదు."

సభ గతుక్కుమంది. సింగమ్మ మెల్లగా నవ్వింది.

"ప్రభూ, తమరు నా పుస్తకంలో మొదటి వాక్యం చదివేశారు. ఇక మిగతాది తేలిక."

రాజు పడీపడీ నవ్వాడు. మీసాలు అదిరేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "నా చాటింపు ప్రకారం పీఠం వదిలేశాను, ఇప్పుడు కూర్చునేది ఎక్కడే?" అన్నాడు.

"పాఠశాల అరుగు మీద, నా పక్కన చోటుంది ప్రభూ."

అప్పటికప్పుడే సభంతా ఉద్యానానికి కదిలింది. రాజు వేలితో చూపిస్తూ స్వయంగా లెక్కపెట్టాడు. ముప్పై ఏడు ఏనుగులు. "అయితే కాళ్ళు రెండు వందల డెబ్బై నాలుగు!" అని సింగమ్మ కంటే ముందు తనే అరిచి, పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

చాటింపు రద్దయింది. సింగమ్మకు పట్టుశాలువా కప్పి, పాఠశాలలో ఆమెకు పీట వేయించి, ఆమె పుస్తకాన్ని ఊరూరికీ పంపించారు. అవధానిగారు కూడా దాన్నే చెప్పాల్సి వచ్చింది. చెప్పగా చెప్పగా ఆయనకూ శ్లోకాల అర్థం తెలిసిందని అంటారు.

మర్నాడు రాజు భోజనానికి కూర్చుని, "పప్పులో ఉప్పు పడిందా?" అన్నాడు.

వంటవాడు గరిటె అందుకుని, "తెలియదు ప్రభూ. ఒక్క క్షణం, రుచి చూసి చెప్తాను" అన్నాడు.

రాజు నవ్వి, చేతి కంకణం తీసి వాడికిచ్చాడు. ఎన్నాళ్ళకో ఆ పూట కమ్మటి పప్పుతో కడుపు నిండా తిన్నాడు.