కుండ తల కాపలా

తిప్పన్నకు ఉపదేశం కావాలి. అందుకే కొండెక్కి వచ్చాడు.

కొండ మీద ఒక రాతి ఇల్లు, దాని ముందు అరుగు. అందులో ఉండే ముసలామెను చుట్టుపక్కల అందరూ కొండవ్వ అంటారు. ఆమె ఎవరినీ రమ్మనదు. వచ్చినవాళ్ళను పొమ్మనదు. తిప్పన్న కాళ్ళ మీద పడి అడిగితే ఇంటి పక్కనున్న రాళ్ళ నేల చూపించింది.

"ఇక్కడ కూరగాయలు పెంచు. పండినప్పుడు చెప్తాను."

"ఉన్నది మనమిద్దరమే కదమ్మా. ఇంత నేల ఎందుకు?"

"పెంచు నాయనా."

తిప్పన్న అంతకుముందు వేరుశెనక్కాయల మండీలో కాపలా మనిషి. తాళం వేయడం తెలుసు, తవ్వడం తెలియదు. మొదటి ఏడు బెండ గింజలు లోతుగా పాతితే కుళ్ళిపోయాయి, పైపైన చల్లితే చీమలు ఎత్తుకుపోయాయి. మొలిచిన నాలుగు వంగ మొక్కలు ఎండకు వాలిపోతే, జాలిపడి నీళ్ళు పోసి పోసి వేళ్ళు కుళ్ళబెట్టాడు.

రెండో ఏడు చెయ్యి కుదిరింది. బండల మధ్య నీళ్ళు నిలిచే దోన ఉంది. అక్కడి నుంచి చిన్న కాలువ తవ్వాడు. రాళ్ళు ఏరి మళ్ళు కట్టాడు, చుట్టూ కంప నాటి, దారికి తడిక పెట్టాడు. చిక్కుడుకు పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లి వదిలించాడు. బీర పాదు పందిరంతా అల్లుకుంది. పొట్లకాయలు వంకర పోకుండా కొసలకు రాళ్ళు కట్టాడు. రేపో ఎల్లుండో కోద్దామనుకున్న పొద్దున కోతులు దిగి పందిరి కూలదోశాయి. వంకాయల్ని చిలకలు పొడిచాయి. మిగిలిన గోంగూరను, మేకలు తోలుకుంటూ ఆ దారిన పోయే లచ్చుమక్క పిడికెడు పిడికెడుగా పెరుక్కుపోయింది.

"అవ్వ పెరడే కదప్పా, పులగూరకు పిడికెడు ఆకుకే ఏడుస్తావా?" అంది లచ్చుమక్క.

కొండవ్వ విని కూడా ఊరుకుంది. తిప్పన్న ఊరుకోలేకపోయాడు. అతని లెక్కలో కోతులు, చిలకలు, లచ్చుమక్క అందరూ ఒకటే. వాళ్ళు ఎత్తుకుపోయింది కూరగాయలు కాదు, అతని ఉపదేశం.

మూడో ఏడు విత్తనం వేసిన రోజే దిష్టిబొమ్మ కట్టాడు.

నిలువు కర్రకు అడ్డకర్ర కట్టి, గడ్డి చుట్టాడు. మండీలో వేసుకున్న ఖాకీ చొక్కా దానికి తొడిగాడు. మసి పట్టిన కుండ బోర్లించి తల చేశాడు. సున్నంతో కళ్ళు పెట్టి కనుబొమలు గీశాడు. గీశాక చూసుకుంటే అవి తన కనుబొమల్లాగే ఉన్నాయి. ఎడమది కాస్త పైకి.

కోతులు దిగే కొండ కొన వైపు మొహం పెట్టి నాటి, దాని ఎదురుగా నిలబడ్డాడు.

"చూడు. లోపల ఎవరినీ అడుగు పెట్టనీయొద్దు."

అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్న కొండవ్వ తల ఎత్తింది. "ఎవరినీనా?"

"ఎవరినీనమ్మా."

"పేరు పెట్టి చెప్పరాదా? పాపం, దానికి ఎట్ల తెలుస్తుంది?"

"ఎవరినీ అంటే ఎవరినీ."

ఆమె మళ్ళీ బియ్యంలోకి చూసుకుంది.

ఆ ఏడు కోతులు రాలేదు. కొండ కొన మీద వరసగా కూర్చుని తోట వైపు చూసేవి, దిగేవి కావు. చిలకలు ఎగురుతూ వచ్చి తోట అంచున గోడ తగిలినట్టు పక్కకు తిరిగిపోయేవి. ఉడతలు కూడా మాయమయ్యాయి. తిప్పన్న సంతోషించాడు. ఆకు మీద ఆకు ఎక్కి తోట నల్లగా పెరిగింది. అందులోంచి మాత్రం ఏ చప్పుడూ వచ్చేది కాదు.

ఒక పొద్దున లచ్చుమక్క తడిక దగ్గర ఆగింది.

"ఏం తిప్పన్నా, రెండు చేతులూ చాపుకొని నిలబడినావు? వాటేసుకుంటావా ఏంది? నా మొగుడు చూస్తే చంపుతాడు."

ఆమె నవ్వుతూ ఇంకో అడుగు వేసింది. తర్వాత నవ్వు ఆపేసి, గబగబా అరుగు దగ్గరికి వచ్చింది. అక్కడ తిప్పన్న పలుగు సానపడుతున్నాడు. ఆమె అతన్ని చూసి, తోటలోకి చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"అది నీ చొక్కా తొడుక్కుందా, నువ్వే దాని మొహం పెట్టుకున్నావా?"

"గోంగూర కోసం వచ్చినావా?"

"వద్దులే నాయనా. నీ గోంగూర నువ్వే తిను."

ఆ తర్వాత కట్టెలకు వచ్చేవాళ్ళు కూడా తోట పక్క దారి మానేసి బండల మీదుగా పోవడం మొదలుపెట్టారు.

బీర పూత పూసిన రోజు తిప్పన్న ఒకటి గమనించాడు. బొమ్మ మొహం కొండ వైపు లేదు. తడిక వైపు ఉంది. అంటే తను వచ్చే వైపు.

గాలికి తిరిగిందనుకున్నాడు. మళ్ళీ కొండ వైపు తిప్పి, కర్ర మొదట్లో రాళ్ళు దట్టించాడు. మర్నాడు వెళితే రాళ్ళు కదల్లేదు. బొమ్మ మాత్రం తడిక వైపే చూస్తోంది. ఈసారి కంప పక్కకు జరిపి, వెనక నుంచి లోపలికి దూరాడు. తల ఎత్తితే సున్నపు కళ్ళు అక్కడ కూడా ఎదురుగానే ఉన్నాయి.

చూడనట్టే వంగి బెండకాయ తెంచబోయాడు. భుజం మీద ఏదో తగిలింది. చప్పున తిరిగాడు. బొమ్మ అంత దూరంలో, దాని చోట్లోనే ఉంది. అతని భుజం మీద ఒక గడ్డి పోచ ఉంది.

బెండకాయ తెంచకుండానే బయటికి వచ్చాడు.

ఆ రోజు నుంచి కంప బయట నిలబడే కాలువకు నీళ్ళు వదిలేవాడు. కలుపు తీయలేదు, కాయ కోయలేదు. తోట పండింది. బీరకాయలు పందిరి నిండా వేలాడి, ముదిరి, ఎండి పీచయ్యాయి. బెండకాయలు కర్రలై పగిలాయి. వంకాయలు పసుపు తిరిగి ఒక్కొక్కటే రాలి, మళ్ళలోనే మెత్తబడ్డాయి. పురుగు కూడా ముట్టని కాయలు వాటంతట అవే కుళ్ళుతుంటే, ఆ తీపి వాసన అరుగు దాకా వచ్చేది. ఇంట్లో ఉప్పూ మిరపకాయా నంజుకుని తినేవాళ్ళు.

చివరికి తిప్పన్న కొండవ్వ ముందు కూలబడ్డాడు.

"అమ్మా, అది నన్ను రానీయడం లేదు."

"ఎవరినీ రానీయొద్దంటివి కదా."

"నన్ను కాదు కదమ్మా!"

"ఆ మాట దానికి చెప్పలేదే నువ్వు."

"నాకు భయంగా ఉంది. ఈ ఏడు కూడా పోతే నాకు ఉపదేశం లేనట్టే కదా."

"అయితే పెరికి పారెయ్యి."

"లోపలికి పోతే కదమ్మా పెరికేది."

కొండవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది. తడిక తీసి, మళ్ళ మధ్య నుంచి నడిచి బొమ్మ దగ్గరికి వెళ్ళింది. బుజ్జగిస్తున్నట్టు దాని చొక్కా మీద దుమ్ము దులిపింది. నిలువునా పెరికి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని తెచ్చింది. అడ్డకర్ర విప్పి, అరుగు మీద తిప్పన్న రోజూ కూర్చునే చోట గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

"పాపం, ఎప్పుడు నాటినావో, అప్పటి నుంచీ నిలబడే ఉంది. ఈ పూట అది కూర్చుంటుంది. నువ్వు పోయి నిలబడు."

"నేనా?"

"కాపలా ఉండొద్దా మరి?"

తిప్పన్న వెళ్ళాడు. బొమ్మ నాటిన గుంత పక్కన నిలబడి, చేతులు చాపాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అక్కడి నుంచి అరుగు బాగా కనబడుతోంది.

కొండవ్వ రెండు పళ్ళాలు పెట్టింది. ఒకటి తనకు, ఒకటి బొమ్మకు.

"తిను తిప్పన్నా," అంది బొమ్మతో. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం అతను ఎప్పుడూ వినలేదు. "ఉప్పు చాలిందా?"

తిప్పన్న పిలుద్దామనుకున్నాడు. నోరు తెరవబోతే నాలుక ఎండిపోయి ఉంది.

తినడం అయ్యాక కొండవ్వ ఇంకొంచెం దగ్గరికి జరిగింది. చుట్టూ చూసింది, ఎవరూ వినకూడదన్నట్టు. బొమ్మ చొక్కా కాలర్ సర్ది, కుండకు చెవి ఉండాల్సిన చోట నోరు ఆనించి ఏదో చెప్పసాగింది. నెమ్మదిగా, చాలాసేపు. మూడేళ్ళుగా అతను ఎదురుచూసిన మాట అదేనని తిప్పన్నకు తెలిసిపోయింది. ఒక్క ముక్క కూడా వినబడలేదు.

కుండ తల ఊగింది. గాలి లేదు.

పరిగెత్తాలనుకున్నాడు. కాళ్ళు కదల్లేదు. చేతులు దించాలనుకున్నాడు. అవి చాపినవి చాపినట్టే బిగుసుకుపోయి ఉన్నాయి, ఎవరో లోపల అడ్డకర్ర దూర్చినట్టు.

అప్పుడే దోనలో మేకలకు నీళ్ళు తాగించి లచ్చుమక్క అటు వచ్చింది. తడిక బార్లా తెరిచి ఉండటం చూసి ఆగింది. లోపల నిలబడ్డ ఆకారాన్ని చూసి చీర కొంగు బిగించి వెనక్కు తిరిగింది.

"అక్కా," అన్నాడు తిప్పన్న. గడ్డి రాసుకున్నట్టుంది గొంతు.

"ఓర్నాయనో! మాట్లాడతాంది!"

"అక్కా, పోవద్దు. నేను తిప్పన్నను."

"ఏ తిప్పన్నవి నువ్వు? తిప్పన్న ఆ అరుగు మీద అవ్వ పక్కన కూర్చోనుండాడే! ఇప్పుడే చూసొస్తాండా. తల కూడా ఊపినాడు నాకు."

"అది కాదక్కా తిప్పన్న. నేను."

లచ్చుమక్క కర్ర అడ్డం పెట్టుకుని, తడిక అవతలే నిలబడి అతన్ని కిందికీ మీదికీ చూసింది. కనుబొమల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"ఇద్దరూ ఒకే మాదిరి ఉండారు. నేనెట్ల నమ్మేది?" అంది. గడ్డం పైకెత్తింది. "తిప్పన్నవైతే ఏదీ, నాకు పిడికెడు గోంగూర పెరికియ్యి చూస్తాను."

గోంగూర అతని కాళ్ళ పక్కనే ఉంది. ఈ తోటలో ఇంకా పచ్చగా మిగిలింది అదొక్కటే. తిప్పన్న దాని వైపు చూశాడు. చెయ్యి దిగలేదు. అరుగు వైపు చూశాడు. కొండవ్వ ఇటు చూడటం లేదు. బొమ్మ చూస్తోంది.

లచ్చుమక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు.

"ఉండక్కా!" అని అరిచి తిప్పన్న వంగాడు. భుజాలు కటకటమన్నాయి. రెండు చేతులూ గోంగూరలో పడ్డాయి. పిడికెడు కాదు, చేతికి అందినంతా వేళ్ళతో సహా పెరికాడు. మట్టి రాలుతుండగా తడిక దగ్గరికి నడిచి ఆమె ఒడిలో పోశాడు. వెనక్కు వెళ్ళి బీరకాయలు తెచ్చాడు. పగిలిన బెండకాయలు తెచ్చాడు.

"ఈ కట్టెలు నాకెందుకబ్బా?" అంది లచ్చుమక్క. ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది.

"విత్తనానికి పనికొస్తాయి. లోపలికి రా అక్కా. నీకేం కావాలో నువ్వే చూసుకో."

ఆమె తడిక దాటి లోపలికి వచ్చింది. మేకలు కూడా వచ్చాయి. తిప్పన్న వాటిని తోలలేదు. ఎక్కడో ఒక చిలక అరిచింది.

తిప్పన్న అరుగు దగ్గరికి వచ్చాడు. బొమ్మ అతని చోట్లోనే కూర్చుని ఉంది. దాని ముందున్న పళ్ళెంలో ఒక్క మెతుకు లేదు.

"దానికి ఏం చెప్పినారమ్మా?" అని అడగడానికి నోరు తెరిచాడు. ఆ ఖాళీ పళ్ళెం చూసి అడగలేదు. చెప్పులు విప్పి నిలబడ్డాడు.

కొండవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూసింది.

"వచ్చినావా తిప్పన్నా?" అంది. పక్కనున్న బొమ్మ వైపు తిరిగి, "నువ్వు కొంచెం జరుగు నాయనా," అంది.

అరుగు మీద చోటైంది.