రెండో కేలండర్

త్రినాథ్ బాధల్లా ఒక్కటే. తను రాసిన క్లాసుల్ని ఆఫీసులో ఎవరూ ముట్టుకోవడం లేదు.

వెబ్ పేజీలకి కోడ్ రాసే జావాస్క్రిప్టులో క్లాసంటే అచ్చులాంటిది. ఒకసారి చేసిపెడితే ఎన్ని పేజీల్లోనైనా వాడుకోవచ్చు. అలా మెనూలు, బటన్లు, తేదీ ఎంచుకునే కేలండర్ చేసి, 'కామన్' అన్న ఫోల్డర్లో పొందిగ్గా సర్దాడు. టీములో వాళ్లు మాత్రం ఎవరి కేలండర్ వాళ్లే రాసుకున్నారు. నాది ఉండగా మళ్లీ ఎందుకని మొదట్లో అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు, మాట్లాడటమూ తగ్గించాడు. మధ్యాహ్నం తన సీట్లోనే క్యారేజీ విప్పుకునేవాడు. మేడ మీద వాళ్లంతా తింటూ నవ్వుకుంటుంటే కింద ఇతని ప్రాణం ఉసూరుమనేది.

ఎవరూ వాడని ఆ ఫోల్డర్ తీసేద్దామన్న మాట వచ్చింది. త్రినాథ్ ఆగలేక ఖాదర్‌వలీ గారి దగ్గరికి వెళ్లాడు. టీముకి పెద్ద, అతనికి కోడ్ రాయడంలో ఓనమాలు దిద్దించింది ఆయనే.

"రెక్కలు ముక్కలు చేసుకుని రాశాను సార్. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, వీళ్లకి నా పని అలా ఉంది. తీసెయ్యొద్దని మీరొక్క మాట చెప్పండి."

ఆయన ఖాళీ పేజీ ఒకటి తెరిచి, అందులో త్రినాథ్ కేలండర్ పెట్టారు. నొక్కితే చక్కగా తెరుచుకుంది. త్రినాథ్ మొహం విప్పారింది.

దాని పక్కనే అదే కేలండర్ ఇంకొకటి పెట్టి, ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"రెండోది నొక్కు."

త్రినాథ్ నొక్కాడు. మొదటిది తెరుచుకుంది. వేలు అటు తగిలిందేమోనని మళ్లీ నొక్కాడు. మళ్లీ మొదటిదే. రెండోది ఉలకలేదు, పలకలేదు.

"నా పేజీలో ఒక్కటే ఉండేది సార్," అన్నాడు చివరికి.

"వాళ్లు టికెట్ల పేజీలు చేస్తున్నారు. వెళ్లే తేదీకి ఒకటి, వచ్చే తేదీకి ఒకటి కావాలి. నీదే ముందు వాడి చూశారు."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం సార్?"

"నొచ్చుకుంటావని."

పేజీలో ఉన్న కేలండర్ తనదొక్కటే అన్న నమ్మకంతో రాసిన కోడ్ వరుస ఎక్కడుందో త్రినాథ్‌కి తెలుసు. దాన్ని తెరవడానికి చెయ్యి రాలేదు.

ఖాదర్‌వలీ గారు తెరవైపే చూస్తూ మెల్లగా అన్నారు.

"పాపం, తన పక్కకి ఇంకొకరు వస్తారని అది అనుకోలేదు."